ముందు నేనెక్కుతా

పిల్లలు చేయబోయే పని ఏదైనా సరే, వాళ్ళకంటే ముందు తనొకసారి చేసి చూడందే ఆ లిఫ్టు మెకానిక్కుకి ముద్ద దిగేది కాదు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. మిగతా విషయాల్లో అందరిలాంటి మనిషే. కాఫీ చల్లారితే విసుక్కునేవాడు, తాళాలు తన జేబులోనే పెట్టుకుని ఇల్లంతా వెతికించేవాడు. కానీ పిల్లలు కొత్తగా ఒక మెట్టు ఎక్కబోతున్నారంటే మాత్రం ఎక్కడున్నా ఊడిపడేవాడు. "ఆగండాగండి, ముందు నేనెక్కుతా!"

ఇది ఆయనకు వృత్తిలోంచి అంటుకున్న జబ్బు. లిఫ్టు బాగుచేశాక అందులో మొదట ఎక్కాల్సింది బాగుచేసినవాడే. పై అంతస్తు దాకా వెళ్ళి, కిందికి దిగి, తన కాళ్ళ మీద తను బయటికి నడిచొచ్చాకే జనాన్ని ఎక్కనివ్వాలి. వాళ్ళ పనిలో అది నియమం. మిగతా మెకానిక్కులు సాయంత్రం కాగానే ఆ నియమాన్ని పనిముట్లతోపాటు సంచీలో పడేసి జిప్పు లాగేసేవాళ్ళు. ఈయన ఇంటికి తెచ్చుకున్నాడు.

వాళ్ళుండే అపార్ట్‌మెంట్లలో ఆయన అసలు పేరు ఎవరూ వాడేవాళ్ళు కాదు. "ముందునేనుగారూ, మా లిఫ్టు మూలుగుతోంది, ఓసారి వస్తారా?" అని పక్క భవనం వాచ్‌మన్ నడివీధిలో కేకేసేవాడు. ఆయన నవ్వుతూ వెళ్ళేవాడు. ఆ పిలుపుకి సిగ్గుతో చచ్చిపోయేది ఆయన కూతురే.

కూతురికి పదిహేనేళ్ళు. ఇంట్లో అందరూ పెద్దమ్మాయి అంటారు. పదకొండేళ్ళ తమ్ముడు ఒకడున్నాడు. వంటింట్లో గరిటె కింద పడినా ఆ సంగతి పై అంతస్తుదాకా చాటి వస్తాడు కాబట్టి వాడి పేరు టముకు. అమ్మ ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఈ ముగ్గురి మధ్యా ఆ తండ్రి ఒక్కడే దేశానికి సరిపడా భయపడుతుండేవాడు.

పెద్దమ్మాయికి ఊహ తెలిశాక మొదట గుర్తున్నది పార్కులో జారుడుబండ. మామూలుది కాదు, గొట్టంలా మూసి ఉండి మధ్యలో మెలిక తిరిగినది. ఆ అమ్మాయి నిచ్చెన మీద కాలు పెట్టిందో లేదో, "ఆగు తల్లీ!" అని ఆయన ఎక్కేశాడు. ఎక్కడమైతే ఎక్కాడు, దిగడమే కాలేదు. మెలికలో ఇరుక్కున్నాడు. లోపల్నించి మాట మాత్రం వినిపించింది.

"ఎవరూ కంగారుపడకండి! నేను బాగానే ఉన్నాను!"

"నాన్నా, వచ్చేయ్!"

"వస్తున్నాను తల్లీ! భుజం ఒక్కటీ రావడంలేదు, మిగతా అంతా వచ్చేసింది!"

తోటమాలి వచ్చి రెండు కాళ్ళూ పట్టుకుని లాగాడు. వెనకాల వరసలో నిలబడ్డ పిల్లలంతా పడీ పడీ నవ్వారు. ఆయన చొక్కా దులుపుకుని, చెదిరిన జుట్టుతోనే కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు. "మెలిక దగ్గర చీకటిగా ఉంటుంది. అక్కడ కాస్త భయమేస్తుంది. తర్వాత ఏమీ ఉండదు. ఎక్కు."

ఆసుపత్రిలో టీకాలు వేయించేటప్పుడూ ఇదే గోల. నర్సు సూది తీయగానే ఈయన చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చునేవాడు.

"ముందు నాకు పొడవండి."

"మీకెందుకండీ? ఇది పిల్లలకు."

"మందు అక్కర్లేదమ్మా, ఊరికే సూది చాలు."

నర్సు తల పట్టుకునేది. చివరికి పోరు పడలేక ఆయన చేతికి దూది రాసి గట్టిగా గిల్లి పంపేది. ఆయన అదే సూది అనుకుని పెద్దగా అరిచేవాడు. ఆ అరుపుకి వరండాలో పిల్లలందరూ ఏడుపు మొదలుపెడితే, ఆయన పిల్లలిద్దరూ మాత్రం ఏడవడం మర్చిపోయి తండ్రికేసి నోళ్ళు తెరిచి చూసేవాళ్ళు. ఈలోగా నర్సు పని కానిచ్చేసేది.

టముకును కొత్త బడిలో చేర్చినప్పుడు తరగతి గదిలోకి వెళ్ళి బల్లలో కూర్చుని చూసి వచ్చాడు. కూర్చోవడం కూర్చున్నాడు గానీ మోకాళ్ళు బయటికి రాలేదు. పిల్లలు ప్రార్థన ముగించుకుని లోపలికొచ్చేసరికి మొదటి వరసలో ఓ మీసాలాయన కూర్చుని, "రండి రండి, ఫ్యాను బాగానే తిరుగుతోంది" అంటున్నాడు.

ఇవన్నీ చిన్నతనంలో బాగుండేవి. పెద్దమ్మాయి నవ్వేది కూడా. పదమూడో ఏడు దాటాక నవ్వు పోయింది. ఆ వయసులో నాన్న గట్టిగా తుమ్మినా తన పరువు పోయినట్టే ఉంటుంది. అలాంటిది, బడికి మొదటిసారి ఒంటరిగా సిటీ బస్సులో వెళ్తానని ఆ అమ్మాయి అనగానే, రెండు రోజుల ముందే ఆయన అదే వేళకు అదే బస్సులో వెళ్ళొచ్చాడు. ఊరికే వెళ్తే బరువు తెలియదని కూతురి పాత సంచీలో పుస్తకాలు నింపి తగిలించుకున్నాడు. గులాబీరంగు సంచీ. మీద కుందేలు బొమ్మ. బస్సునిండా ఆ అమ్మాయి క్లాసు పిల్లలే.

మర్నాడు బడిలో, "నిన్న బస్సులో కుందేలు సంచీ అంకుల్ మీ నాన్నేనా?" అని అడిగారు. పెద్దమ్మాయికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆ అమ్మాయి ఇంటికొచ్చేసరికి ఆయన సమాధానం సిద్ధంగా పెట్టుకున్నాడు. "మార్కెట్టు స్టాపు దగ్గర జనం ఒక్కసారిగా తోస్తారమ్మా. అక్కడ ఊపిరాడక భయమేస్తుంది. వంతెన దాటాక అందరూ దిగిపోతారు."

"నాన్నా, బస్సు ఎలా ఎక్కాలో నాకు తెలుసు!"

"నాకు తెలియలేదమ్మా, అందుకే ఎక్కాను."

ఫోనులో ఫోటోలు పెట్టుకునే ఒక యాప్ సంగతి వచ్చినప్పుడు గొడవ ముదిరింది. కూతురు అందులో చేరతానని అడిగిన వారానికి ఆయనే చేరిపోయాడు. లిఫ్టు మోటారు పక్కన నిలబడి తీసుకున్న ఫోటో ఒకటి పెట్టాడు. ఎవరితో స్నేహం చేయాలో తెలియక కూతురి స్నేహితురాళ్ళందరికీ అభ్యర్థనలు పంపాడు. ఆ సాయంత్రం పెద్దమ్మాయి సంచీ విసిరికొట్టి అరిచింది.

"ఇకమీదట నా విషయంలో నువ్వు ముందు వెళ్ళొద్దు. ఏదీ చేసి చూడొద్దు. నా భయం నేను పడతాను. ఒట్టు వెయ్యి!"

ఆయన కుట్టుమిషను పక్కన బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. "సరేనమ్మా, ఒట్టు" అన్నాడు. ఆగలేక మళ్ళీ, "తెలియనివాడెవడో హాయ్ అంటాడు, అక్కడ మాత్రం..." అని మొదలుపెట్టాడు.

"నాన్నా!"

"సరే సరే."

మాట నిలబెట్టుకోవడానికి ఆయన పడ్డ యాతన చూడాలి. కూతురు కొత్త సైకిలు తొక్కుతుంటే రెండు చేతులూ జేబుల్లో దూర్చుకుని పళ్ళు బిగించి నిలబడేవాడు. కొత్త చెప్పులు కొంటే వాటికేసి ఆశగా చూసి తల తిప్పేసుకునేవాడు. టముకు మాత్రం ఎప్పటికప్పుడు వార్తలందించేవాడు. "అక్కా, నాన్న నీ సైకిలు బెల్లు ఒక్కసారి కొట్టాడు. ఒక్కసారే!"

అంతలో ఆ అమ్మాయి బడి మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయింది.

అంతకు ముందు కొన్నాళ్ళుగా తలనొప్పి అంటూనే ఉంది. ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ఈసారి డాక్టరు కళ్ళలోకి లైటు వేసి చూసి, మోకాళ్ళ మీద కొట్టి చూసి, "ఎందుకైనా మంచిది, తల స్కాన్ తీయిద్దాం" అన్నాడు. ఎందుకైనా మంచిది అన్న మాటలో మంచి ఏముందో ఆ ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

ఆ రోజు నుంచి ఇంట్లోకి భయం వచ్చి కూర్చుంది. అమ్మ ఒకరి జాకెట్టుకి చేతులు తిరగేసి కుట్టి, విప్పి, మళ్ళీ తిరగేసే కుట్టింది. ఇల్లంతా వినిపించే మిషను చప్పుడు మధ్యమధ్యలో ఆగిపోయేది. ఆగినప్పుడల్లా అమ్మ తనవైపే చూస్తోందని పెద్దమ్మాయికి తెలిసేది. టముకు ఎవరికీ ఏమీ చెప్పడం మానేశాడు. అక్క పక్కన ఊరికే వచ్చి కూర్చునేవాడు. వాడు నోరు మూసుకోవడం చూసి ఆ అమ్మాయి హడలిపోయింది.

ఫోనులో వెతికితే ఇంకా భయం పెరిగింది. తలనొప్పి అని కొడితే లోకంలో ఉన్న జబ్బులన్నీ వరసకట్టి వచ్చాయి. ఆ స్కాన్ తీసే యంత్రం బొమ్మ కూడా కనిపించింది. ఇరుకు గొట్టం, అందులోకి మనిషిని పడుకోబెట్టి తోసేస్తారు, తల కదలకుండా ముఖం మీద చట్రం బిగిస్తారు. రాత్రి కళ్ళు మూసుకుంటే ఆ గొట్టమే. లోపల ఏం కనిపిస్తుందో అన్న భయం ఒకటి, లోపలికి వెళ్ళాలన్న భయం ఒకటి. రెండూ వంతులవారీగా వచ్చిపోతుండేవి.

అన్నిటికంటే భయపెట్టింది నాన్న. ఆయన ఒక్కసారి కూడా 'ముందు నేను' అనలేదు. ఆ మాట ఆయన నోట వస్తుందేమోనని ఆ అమ్మాయి ఎదురు చూసింది. ఒట్టు వేయించుకున్నది తనే. ఇప్పుడు 'నాన్నా, ముందు నువ్వెళ్ళవా' అని అడగాలంటే నోరు రాలేదు. పదిహేనేళ్ళ అభిమానం అడ్డొచ్చింది. ఆయనేమో తలొంచుకుని తిరుగుతున్నాడు. ఇంత పెద్ద విషయంలో కూడా ఆయన ముందుకు రాలేదంటే అది నాన్న చేతులు దాటిపోయినదే అయ్యుండాలి అనుకుంది.

స్కానుకి ముందు రోజు సాయంత్రం ఆయన పని నుంచి ఆలస్యంగా వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. చొక్కా గుండీలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకున్నాడు. నడుముకు బెల్టు లేదు. అన్నం ముందు కూర్చుని కలిపి, కలిపినదాన్నే మళ్ళీ కలిపాడు. తర్వాత వంటింట్లో అమ్మతో గొంతు తగ్గించి మాట్లాడడం పెద్దమ్మాయి చెవిన పడింది.

"పెద్దదానికి మాత్రం చెప్పకు. తెలిస్తే తట్టుకోదు."

"రేపు అక్కడికెళ్ళాక ఎలాగూ తెలుస్తుంది కదండీ."

"తెలిసేదాకా అయినా ప్రశాంతంగా ఉండనీ."

అంటే నాన్న డాక్టరును కలిసి వచ్చాడు. తనకు ఏదో ఉంది. వాళ్ళకు తెలిసిపోయింది. పెద్దమ్మాయి గదిలోకి వెళ్ళి దుప్పటి ముసుగేసుకుంది. టముకు వచ్చి దుప్పటి మీద చెయ్యి వేసి, "అక్కా, నా రంగుపెన్సిళ్ళు అన్నీ నువ్వే తీసుకో" అన్నాడు. ఆ మాటతో ఉన్న కాస్త ధైర్యం కూడా పోయింది.

మర్నాడు నలుగురూ స్కాన్ సెంటరుకి వెళ్ళారు. తెల్లగోడలు, చల్లటి గాలి, ఎవరూ గట్టిగా మాట్లాడని హాలు. లోపల్నించి ఏదో యంత్రం గోడను తవ్వుతున్నట్టు చప్పుడు. పెద్దమ్మాయి అమ్మ చెయ్యి వదల్లేదు. అప్పుడు తలుపు తీసుకుని స్కాన్ తీసే టెక్నీషియనమ్మ బయటికొచ్చింది. నాన్నను చూసింది. ఆవిడ ముఖంలో రంగులు మారాయి.

"మళ్ళీ మీరేనా సార్?"

నాన్న సైగలు చేశాడు. ఆవిడకు అర్థం కాలేదు.

"చూడండి, ఇవాళ వరస చాలా ఉంది. నిన్నటిలాగా మీతో కుదరదు. అయినా మీ తలలో ఏమీ లేదని రిపోర్టు ఇచ్చేశాం కదా!"

"ఆ సంగతి మేం ఎప్పుడో చెప్పేవాళ్ళం" అంది అమ్మ. అన్ని రోజుల్లో అమ్మ వేసిన మొదటి వేళాకోళం అదే.

పెద్దమ్మాయి నాన్నకేసి తిరిగింది. "నువ్వు స్కాన్ తీయించుకున్నావా?"

ఆయన నేల చూపులు చూశాడు. "తలనొప్పిగా ఉంటేనూ..."

"నీకెప్పుడొచ్చింది తలనొప్పి?"

"నీకు వచ్చిందని తెలిసినప్పటి నుంచీ నాకూ ఉంది తల్లీ. వేరే డాక్టరు దగ్గరికెళ్ళి నీకున్నవన్నీ నాకున్నట్టు చెప్పాను. ఆయన భయపడిపోయి వెంటనే రాసిచ్చాడు. ఒట్టు తప్పాను. నీకు తెలిస్తే తట్టుకోవని, మళ్ళీ పరువు తీశానంటావని అమ్మను చెప్పొద్దన్నాను."

పెద్దమ్మాయికి కోపం రాలేదు. గుండెల మీద కూర్చున్న బండ ఎవరో దించినట్టయి అక్కడే కుర్చీలో కూలబడింది. దాచినది ఇదా! టెక్నీషియనమ్మకు మాత్రం ఇంకా కడుపుమంట తీరలేదు.

"మీ నాన్నగారి జేబుల్లోంచి ఇనుము తీయడానికే సగం సేపు పట్టిందమ్మా. స్క్రూడ్రైవరు, బోల్టులు, తాళాలు, టెస్టరు... బెల్టు ఇక్కడే మర్చిపోయారు. లోపలికి వెళ్ళగానే చేతిలో రబ్బరు బల్బు ఇస్తాం, భయమేస్తే నొక్కమని. నొక్కేశారు. బయటికి లాగితే ఏడుస్తున్నారు. సరే, వెళ్ళిపోండి సార్ అన్నాను. వెళ్ళరు. మళ్ళీ తోయమంటారు. మళ్ళీ నొక్కుతారు. 'నొక్కినా ఆపకండి, చివరిదాకా ఉంచండి, చివర్లో ఎలా ఉంటుందో తెలియాలి' అంటారు. పోనీ నొక్కడం మానేస్తారా అంటే అదీ లేదు!"

"రోజూ లిఫ్టుల్లో తిరిగేవాడివి కదా నాన్నా, నీకు భయమేంటి?" అడిగాడు టముకు.

"లిఫ్టు తలుపు ఎలా తెరవాలో నాకు తెలుసురా. దీని తలుపు ఎక్కడుందో తెలియలేదు."

ఆయన కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆ చుట్టుపక్కల అందరూ చూస్తున్నారు. ఈసారి ఆ అమ్మాయి ఎవరు చూస్తున్నారో పట్టించుకోలేదు.

"విను తల్లీ. ముఖం మీద చట్రం పెట్టగానే లేచి పారిపోవాలనిపిస్తుంది. అది కాసేపే. తర్వాత టకటకా తలుపు కొట్టినట్టు చప్పుడు. దానికి భయపడక్కర్లేదు. ఆ తర్వాత పక్కింటాయన గోడకు డ్రిల్లింగు పెట్టినట్టు ఉంటుంది. అదీ పర్లేదు, తిట్టుకుంటూ పడుకోవచ్చు. దాని వెనకాల అన్ని చప్పుళ్ళూ ఆగిపోతాయి. అసలు భయం అక్కడ. అందరూ నిన్ను వదిలేసి వెళ్ళిపోయారనిపిస్తుంది. ఎవరూ వెళ్ళరమ్మా. ఈవిడ అద్దం వెనకే ఉంటుంది. నేను ఈ కుర్చీలో ఉంటాను. నేను బల్బు నొక్కిందల్లా అక్కడే. అది దాటితే ఇంకేమీ లేదు."

ఆయన మాట వింటుంటే పెద్దమ్మాయికి ఒక్కసారిగా వెలిగింది. ఇన్నేళ్ళలో నాన్న ఏనాడూ 'భయం లేదు, వెళ్ళు' అనలేదు. భయం ఎక్కడుందో చెప్పేవాడు. ఆయన వస్తువులు పరీక్ష చేస్తున్నాడని ఊరంతా నవ్వింది, తనూ నవ్వింది. నిజానికి ఆయన ఆ భయం తను ముందు పడి, అది ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో చూసి వచ్చేవాడు. ఇంత పిరికి మనిషి అన్నిసార్లూ అలా వెళ్ళాడు! ఆ అమ్మాయి లేచి తలుపు వైపు నడిచింది.

లోపల అచ్చం ఆయన చెప్పినట్టే జరిగింది. చట్రం పెట్టగానే పారిపోవాలనిపించింది. తలుపు కొట్టినట్టు చప్పుడైంది. పక్కింటాయన డ్రిల్లింగు వచ్చింది. తర్వాత అన్నీ ఆగిపోయాయి. చెవుల్లో తన గుండె తప్ప ఏమీ వినిపించలేదు. ఇదే ఆ చోటు, అనుకుంది. ఇక్కడే నాన్న బల్బు పట్టుకుని నొక్కీ నొక్కీ, మళ్ళీ తోయండని ఏడ్చాడు. మీసాలూ, జారిపోయే ప్యాంటూ, కన్నీళ్ళూ కళ్ళముందు మెదిలాయి. పొట్ట కదలడం మొదలైంది.

"పాపా, కదలొద్దు" అంది టెక్నీషియనమ్మ గొంతు. "ఏమైందమ్మా? ఏడుస్తున్నావా?"

"లేదాంటీ, నవ్వొస్తోంది!"

"దేవుడా, ఏం కుటుంబమమ్మా మీది! మళ్ళీ మొదట్నుంచి తీయాలి!"

రిపోర్టు చేతికి వచ్చాక డాక్టరు దగ్గరికి వెళ్ళారు. గది బయట బెంచీ మీద నలుగురూ వరసగా కూర్చున్నారు. ఇక్కడ నాన్న చేయగలిగింది ఏమీ లేదు. కూతురి తలలో ఏముందో ఆయన ముందుగా వెళ్ళి విని రాలేడు. ఆ సంగతి ఆయనకే బాగా తెలిసినట్టుంది. చేతిలో కవరు చెమటకు మెత్తబడింది. నర్సు తలుపు తీసి, "లోపలికి రండి" అంది. ఆయన లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ లేవబోతే కాళ్ళు రాలేదు.

"ఒక్క నిమిషం... మీరు పదండి, నేను..." అన్నాడు. ఆయన పెదవులు తెల్లగా ఉన్నాయి.

పెద్దమ్మాయి కవరు తన చేతిలోకి తీసుకుంది. అమ్మ చెయ్యి పట్టుకుంది. తండ్రిని తమ్ముడి పక్కన కూర్చోబెట్టి లోపలికి నడిచింది. తలుపు మూసుకుంది.

టముకు నాన్న వేలు గట్టిగా పట్టుకున్నాడు. లోపల్నించి డాక్టరు మాటలు గొణుగుడులా వినిపిస్తున్నాయి. ఎంతసేపటికీ తలుపు తెరుచుకోలేదు. ఒకసారి అమ్మ గొంతు పెద్దదైంది, మళ్ళీ తగ్గింది. నాన్న కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. పెద్దమ్మాయి ఒక్కతే బయటికొచ్చి ఆయన ముందు గొంతుక్కూర్చుంది.

"గుమ్మం దాటేటప్పుడు కాళ్ళు వణుకుతాయి నాన్నా. కుర్చీలో కూర్చున్నాక ఆయన ఫిల్ములు లైటుకి పెట్టి చాలాసేపు ఏమీ మాట్లాడరు. అసలు భయం అక్కడ. తర్వాత 'తలలో ఏ ఇబ్బందీ లేదు' అంటారు."

"ఏ ఇబ్బందీ...?"

"లేదు. అది దాటాక ఇంకోటుంది. పొద్దున ఏమీ తినకుండా బడికెళ్తున్నానని, రాత్రిళ్ళు దుప్పట్లో ఫోను చూస్తున్నానని, అందుకే తలనొప్పులు వచ్చి, రక్తం తగ్గి కళ్ళు తిరిగాయని అమ్మ ముందు చెప్పేశారు. అమ్మ ఇప్పుడు లోపల నాకోసం చూస్తోంది."

టముకు అప్పటికే వరండా చివర దాకా వెళ్ళిపోయాడు. "మా అక్కకి ఏమీ లేదంట! ఫోను చూస్తోందంట!" అన్న కేక ఆసుపత్రంతా మారుమోగింది.

నాన్న చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుని, రెండో ప్రయత్నంలో లేచి నిలబడ్డాడు. కూతురు ఆయన్ని గుమ్మం వైపు తిప్పి, వెనక నుంచి మెల్లగా తోసింది.

"ఈ తిట్లు మాత్రం ముందు నువ్వు తిను నాన్నా. నేను వెనకే వస్తాను."